తోడు వచ్చినవాళ్ళెవరు

లేచి నిలబడకుండా ఉంటే సరిపోయేది. కాళ్ళు కాస్త పక్కకి జరుపుకుని కూర్చున్నచోటే కూర్చుని ఉంటే ఈపాటికి తన గదిలో ఉండేవాడు. లేదా అసలు ఆ బల్ల మీద కూర్చోకుండా, తాళంచెవి గేటు దగ్గర పడేసి తిన్నగా బయటపడి ఉంటే... మెకానిక్, టాక్సీ కిటికీలోంచి మూసి ఉన్న షాపుల షట్టర్లను చూస్తూ, జరిగినదంతా కుట్టు విప్పినట్టు వెనక్కి విప్పుకుంటూ పోతున్నాడు. ఎక్కడినుంచి విప్పినా చివరికి ఒక్కచోటే ముడి తగులుతోంది. లేచి నిలబడ్డాడు. అంతే తను చేసిన పాపం.

అతని ఎడమ మోచేతిని ఒక ముసలి చెయ్యి పట్టుకుని ఉంది. పట్టు గట్టిగా లేదు. గట్టిగా ఉంటే విదిలించుకోవాలన్న కోపమైనా వచ్చేది. ఆ చెయ్యి సన్నగా, ఆగకుండా వణుకుతోంది. ఆపరేషన్ భయం ఇంకా తీరలేదు కాబోలు అనుకున్నాడు. ఆ చేతి మనిషి పక్కన నిటారుగా కూర్చుని ఉంది. కుడికంటి మీద తెల్లటి పట్టీ. ఎడమకన్ను తెరిచే ఉంది గాని, అందులో ఏమీ లేదు. అది పోయి చాలా కాలమైందని నర్సు చెప్పింది. ఉన్న ఒక్క కంటికీ ఇవాళ శుక్లం తీసి పట్టీ వేశారు. అంటే ఈ పూటకి ఆ పెద్దావిడకి లోకమంటే తన మోచెయ్యే.

అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కంటి ఆసుపత్రి వెనకవైపు ఒక కుట్టుగది ఉంది. దుప్పట్లు, ఆకుపచ్చ గౌన్లు, ఈ పట్టీలు అక్కడే కుడతారు. ఏటా సెలవులకి ముందురోజు, కుట్టేవాళ్ళందరూ ఇళ్ళకి వెళ్ళిపోయాక, అతను ఒక్కడే వెళ్ళి మిషన్లన్నీ విప్పి, దారప్పీచు లాగేసి, నూనె వేసి వస్తాడు. ఏడాదిలో అతనికి అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. ఎడమ అరచెయ్యి చక్రం మీద ఆనించాలి. మిషన్ పూర్తిగా నిమ్మళించిందని చేతికి తెలిశాక, కుడిచేత్తో నూనెడబ్బా మూతి వంచి ఒక్కో రంధ్రంలో ఒక్కటే చుక్క. రెండోది పడితే బట్ట మీద మరక. గదిలో ఎవరూ ఉండరు, ఎవరూ ఏమీ అడగరు. ఆ తర్వాత సెలవులన్నీ అలాగే గడుస్తాయి. తలుపేసుకుని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా.

పని ముగించి, గది తాళంచెవి ఇవ్వాల్సిన మనిషి కోసం వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఎదుటి తలుపు తెరుచుకుంది. నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, “తోడు వచ్చినవాళ్ళెవరు?” అంది. వరండా ఇరుకు. కుర్చీకి దారి ఇద్దామని అతను లేచాడు. బల్ల మీద ఇంకెవరూ లేరు.

“హమ్మయ్య, ఉన్నారా! తమ్ముడు మీరేనా?”

అతని నోట్లోంచి మాట రావడానికి ఎప్పుడూ కాస్త సమయం పడుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. అతను ‘కాదు’ అనేలోపు లోకం ‘అవును’ అనేసుకుని ముందుకి నడిచిపోతుంది. నోరు తెరిచాడు. కుర్చీలో ఉన్న పెద్దావిడ తల అతని వైపు తిప్పి, ముక్కుతో గాలి పీల్చింది.

“వాడే,” అంది. “ఇందాకటినుంచీ ఇక్కడే చచ్చాడా? లోపలికి వచ్చి ఒక్క మాట చెప్పకూడదూ?”

నర్సు నవ్వి చుక్కల మందు సీసా అతని చేతిలో పెట్టింది. ఆవిడ కూడా ఇంటికి వెళ్ళే తొందరలో ఉంది, భుజానికి అప్పటికే సంచి తగిలించుకుంది. గబగబా చెప్పుకుపోయింది. చీకటి పడేలోపు పట్టీ తీసి మొదటి చుక్క వెయ్యాలి. ఆ తర్వాత పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయేముందు, నెలంతా. మరిచిపోతే చీము పడుతుంది. “చీము పడితే ఇంక కన్ను మనది కాదు. అసలే ఒంటికన్ను. ఆవిణ్ణి మాత్రం వేసుకోనివ్వకండి. సీసా మూతి కంటికి తగిలిందో, మొదటికే మోసం. తోడు లేకుండా వస్తే ఆపరేషనే చెయ్యం మేము. అందుకే ఇన్నిసార్లు అడిగాం, తమ్ముడు వస్తాడా, తప్పకుండా వస్తాడా అని. మంచి తమ్ముడు.”

మంచి తమ్ముడు ఆ మాట పూర్తయ్యేవరకు కూడా నోరు తెరుచుకునే ఉన్నాడు. ‘కాదు’ బయటికి వచ్చేలోపే ఇద్దరూ టాక్సీలో ఉన్నారు.

“హాస్పిటల్ నుంచేనా?” టాక్సీ డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. “అక్కాతమ్ముళ్ళు కదూ? అనుకున్నాను. గడ్డం దగ్గర పోలిక కొట్టొచ్చినట్టు ఉంది.”

పెద్దావిడ కిసుక్కున నవ్వింది. వేళ్ళు అతని మోచేతి మీద ఇంకొంచెం వణికాయి.

“మీకు... నిజంగా తమ్ముడు ఉన్నారా?” మెకానిక్, డ్రైవర్‌కి వినబడకుండా, అడిగాడు.

“లేడు. ఒక్కదాన్నే పుట్టాను. తోడు మనిషి ఉంటేగాని కన్ను ముట్టుకోం అన్నారు. సెలవుల్లో ఎవరూ ఆపరేషన్లకి రారు కాబట్టి ఖాళీ ఉంది, లేకపోతే ఇంకో ఆర్నెల్లు ఆగమన్నారు. ఆర్నెల్లు ఆగితే గోడలు పట్టుకుని నడవడమే. సరేనని ఒకణ్ణి పుట్టించాను. కాస్త మొద్దుగా ఉంటాడు, మాట తక్కువ, పని ఎక్కువ అని వర్ణించి చెప్పాను కూడా. చూశావా, అన్నీ సరిపోయాయి.”

“మరి నేను లేచి నిలబడకపోయి ఉంటే?”

“ఏదో ఒకటి అయ్యేది. బయటికి వెళ్ళాడు, వస్తాడు అనేదాన్ని. గేటుదాకా నెట్టించుకుంటే చాలుగా.”

కళ్ళు లేకుండా గేటు దాటి ఏం చేసేదో ఆవిడ చెప్పలేదు. అతను అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే అది తన తలకి చుట్టుకుంటుంది.

*

బిల్డింగు నిశ్శబ్దంగా ఉంది. మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తులోనూ తలుపులు చీకట్లో నిలబడి చూస్తున్నట్టనిపించింది. పెద్దావిడ మెట్లు లెక్కపెట్టుకోవడం లేదు, ఎక్కడ మలుపో కాళ్ళకి తెలుసు. తాళం మాత్రం తియ్యలేకపోయింది. తాళంచెవి రంధ్రం చుట్టూ టకటకమని తగులుతూ తిరిగింది. అతనే తీశాడు.

ఒక్కటే గది. మంచం, బల్ల, చేతుల కుర్చీ. ఇంకో కుర్చీ ఉందిగాని దాని మీద పాత పేపర్లు సీటు ఎత్తున పేర్చి ఉన్నాయి, ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరని కుర్చీకి కూడా తెలిసిపోయినట్టు. బల్ల మీద మూతపెట్టిన గిన్నె, పక్కనే నీళ్ళచెంబు, దాని పక్కన ముక్కలు కోసి పెట్టిన బ్రెడ్డు, అన్నీ వరసగా, చెయ్యి జాపితే అందేలా. అప్పుడు అతను ఆ తాడు చూశాడు. మంచం కోడుకి కట్టి, గోడ వెంట మేకులకి తగిలిస్తూ, స్నానాలగది లోపలి కుళాయిదాకా లాగి కట్టిన తాడు. దానికి రెండు ముళ్ళు. ఒకటి కుళాయి దగ్గర, ఒకటి బల్ల దగ్గర. చేత్తో తడుముకుంటే ఎక్కడున్నామో తెలిసేలా.

కొత్త తాడు. దుమ్మయినా పట్టలేదు. పొద్దున్న బయల్దేరే ముందు కట్టుకుని ఉండాలి.

“ఇంక నువ్వు వెళ్ళు బాబూ,” అంది పెద్దావిడ కుర్చీలో కూర్చుంటూ. “నీ పుణ్యాన ఇల్లు చేరాను. చుక్కల సంగతి పట్టించుకోకు. పక్కింటావిడ వేస్తుంది. చెప్పి ఉంచాను. సాయంత్రం వస్తుంది.”

“వస్తారా?”

“రాకేం? రోజూ వస్తుంది.”

రోజూ మనిషి వచ్చే ఇంట్లో రెండో కుర్చీ మీద పేపర్లు ఉండవు. పక్కింటావిడ వస్తుందని తెలిసిన మనిషి గోడకి తాడు కట్టుకోదు. మెకానిక్‌కి అదంతా ఒక్క చూపులో అర్థమైంది. అర్థమైనదాన్ని వెంటనే ఒక మూలకి నెట్టేశాడు. అందులో అతను చెయ్యి తిరిగినవాడు. పెద్దావిడ అబద్ధమాడుతోంది, అతను నమ్ముతున్నాడు. ఇద్దరికీ గౌరవంగా ఉంది.

“అయితే సీసా ఇక్కడ పెడుతున్నాను. గిన్నె పక్కన,” అన్నాడు.

“అలాగే. మళ్ళీ ఎప్పుడైనా అటు ఆసుపత్రికి వస్తే... వద్దులే. వెళ్ళు.”

అతను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు. గుండె మీంచి బండ దిగినట్టుంది. నాలుగు అడుగులు వేసేసరికి అది బండ కాదు, మూత అని తెలిసింది. కిందున్నదంతా పొంగడం మొదలుపెట్టింది. పక్కింటి తలుపుకి తాళం. ఎదుటి తలుపుకి తాళం. మెట్లు దిగాడు. కింది అంతస్తులో ఒక తలుపుకి తాళంతోపాటు గడియకి చుట్టిన గొలుసు కూడా ఉంది. ఇంకో గుమ్మంలో పెట్టెలు సర్దుకుంటున్న మనిషి ఒకాయన కనిపించాడు. మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది.

“ఏమండీ, పైన ఒక పెద్దావిడ...”

“ఎవరు, కౌంటరావిడా?” అన్నాడాయన పెట్టె మీద మోకాలు పెట్టి మూత నొక్కుతూ. “సినిమాహాల్లో టికెట్లు అమ్మేది. మీరెవరు, చుట్టాలా? ఎవరూ లేరనుకున్నామే. మంచిది, వచ్చారు. మేం ఇదిగో, తాళం వేస్తున్నాం. మేం వెళితే బిల్డింగులో పిట్ట కూడా ఉండదు. సెలవులు కదా.”

“చుక్కలు వెయ్యాలి. కంట్లో. మీ ఇంట్లో ఎవరైనా...”

“కారు కింద ఆగి ఉందండీ. అయినా మీరున్నారుగా?” ఆయన మూత బిగించి, చేతులు దులుపుకున్నాడు. “సొంత మనిషి చేతికి మించింది ఏముంది?”

వీధిలోకి వచ్చాక మెకానిక్ వేగంగా నడిచాడు. నడుస్తున్నది ఇంటివైపే. మనసులో మాత్రం బొమ్మలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. సెలవులయ్యాక తలుపు బద్దలు కొడతారు. ఎర్రగా వాచిపోయిన కన్ను. పట్టీ కిందనుంచి కారి ఎండిన చీము. తమ్ముడట, ఎక్కడున్నాడు? నర్సు చెబుతుంది, బక్కగా, చేతులనిండా నూనె మరకలు, నోరు తెరుచుకుని నిలబడ్డాడు అని. కుట్టుగదికి వచ్చేవాడే కదూ అంటారు ఇంకెవరో. ఆగాడు. తను భయపడుతున్నది ఆవిడ కన్ను పోతుందని కాదా? తన పేరు పోతుందనా? ఈ ప్రశ్న అతనికి కొత్త కాదు. ఎప్పుడు ఎవరికైనా ఏదైనా చెయ్యబోయినా ఇదే ప్రశ్న ముందుకొచ్చి గుమ్మానికి అడ్డం పడుకుంటుంది. దాన్ని దాటలేక ఇంటికి పోవడం అతనికి అలవాటు.

అయితే దాని కింద ఇంకోటి ఉంది. చుక్క వెయ్యడం ఎంత పని? ఒక్క చుక్క వేస్తే రెండోది కూడా తనే వెయ్యాలి. రేపు పొద్దున్న రావాలి. మధ్యాహ్నం రావాలి. ఆ పేపర్లు దించి కుర్చీలో కూర్చోవాలి. ఆవిడ ఏదో అడుగుతుంది, తను చెప్పాలి. ఒక్క చుక్కతో సెలవులన్నీ తడిసిపోతాయి. ఏడాది పొడవునా దాచుకున్న తన ఖాళీ గది.

జేబులో ఫోను మోగింది. వదిన.

“ఏం మరిదిగారూ, పని ముగిసిందా? పిల్లలు అడుగుతున్నారు, బాబాయి ఈసారైనా వస్తాడా అని.”

“పనుంది వదినా.”

“సెలవుల్లో నీకేం పనయ్యా? మిషన్లు కూడా పడుకుని ఉంటాయి.”

ఎందుకో చెప్పేశాడు. బల్ల, నర్సు, పట్టీ, తాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఇంత మాట అతను ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

“ఉండు,” అంది వదిన. “సొంత అన్న ఇంటికి రమ్మంటే పనుందంటావు. ముక్కూ మొహం తెలియనావిడకి తమ్ముడివయ్యావా?”

“నేనవ్వలేదు. వాళ్ళే చేశారు.”

“నోరు మూసుకుని కూర్చుంటే ఎవరైనా ఏమైనా చేస్తారు. రేపు ఇంకెవరో మొగుణ్ణి చేస్తారు, వెళ్ళు.” తన జోకుకి తనే నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “ఇంతకీ చుక్క వేశావా?” అంది.

“లేదు.”

“మరి నాతో ఏం మాట్లాడుతున్నావు?”

ఫోను పెట్టేసింది. వీధి చివర మందుల షాపు షట్టరు సగం దిగి ఉంది. అతను వంగి లోపలికి చూశాడు. షాపాయన లైట్లు ఆర్పుతున్నాడు.

“కంట్లో చుక్కలు ఎలా వెయ్యాలండీ?”

“కంట్లోనే వెయ్యాలి,” అన్నాడాయన. అతని మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. “ఆపరేషనా? చేతులు కడుక్కో. తల వెనక్కి వాల్చమను. కంటిని నొక్కకుండా బుగ్గ మీది చర్మం కొంచెం కిందికి లాగు, రెప్ప అదే తెరుచుకుంటుంది. అందులో ఒకటే చుక్క. మూతి మాత్రం తగలనివ్వకు. ఎవరికి?”

“మా...” మెకానిక్ ఆగాడు. అలవాటు ప్రకారం మాట ఆలస్యమైంది. ఈసారి ఎవరూ తొందరపడి పూర్తి చెయ్యలేదు. షాపాయన షట్టరు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. “మా అక్కకి.”

“అయితే ఇక్కడేం చేస్తున్నావు? పొద్దు గూకుతోంది.”

*

మెట్లు రెండేసి ఎక్కాడు. తలుపు తను వేసినట్టే దగ్గరగా ఉంది. తోసేసరికి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పెద్దావిడ పట్టీ విప్పేసుకుంది. కుర్చీలో వెనక్కి వాలి, తల పైకెత్తి, సీసా రెండు చేతులతోనూ పట్టుకుని కంటి మీదికి తెచ్చుకుంటోంది. రెండు చేతులూ వణుకుతున్నాయి. సన్నగా కాదు. సీసా మూతి కంటికి అంగుళం దూరంలో అటూ ఇటూ కొట్టుకుంటోంది, ఇందాక రంధ్రం చుట్టూ తగులుతూ తిరిగిన తాళంచెవిలాగే. అప్పుడు అర్థమైంది అతనికి. టాక్సీలో తన మోచేతి మీద ఆడిన ఆ వణుకు భయం కాదు. ఎప్పుడూ ఉండేదే. ఆసుపత్రిలో ఒళ్ళో చేతులు ముడుచుకుని దాచి ఉంటుంది.

“ఆగండి!”

ఆవిడ ఉలిక్కిపడింది. సీసా నుదుటికి తగిలి ఒళ్ళో పడింది.

“ఎవరు?... నువ్వా? నూనె వాసన. వెళ్ళిపోయావుగా.”

“పక్కింటికి తాళం వేసి ఉంది.”

“తెలుసు. వాళ్ళు నిన్ననే వెళ్ళారు.”

“మరి వస్తుందన్నారు?”

“నువ్వు నమ్మావుగా?” అంది పెద్దావిడ.

అతను స్నానాలగదిలోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. సబ్బు రుద్ది, గోళ్ళ కింద నల్లటి గీతలు చూసి, మళ్ళీ రుద్దాడు. ఆ గీతలు పోయేవి కావు. చర్మంలోకి దిగిపోయాయి. ఈ చేతులతోనా? కుళాయి పక్కన తాడు ముడి వేలాడుతోంది. మూడోసారి కడుక్కున్నాడు.

“నాయనా, చేతులు అరిగిపోతాయి,” అని ఆవిడ గదిలోంచి కేకేసింది. “చేతుల సంగతి నాకు తెలుసు. టికెట్ల కౌంటర్లో కూర్చున్నానుగా అన్నాళ్ళు. ఇంత కంతలోంచి చేతులే వచ్చేవి, మొహాలు కనబడేవి కావు. పెళ్ళికొడుకు చెయ్యేదో, జేబుదొంగ చెయ్యేదో చెప్పేదాన్ని. నీది పని తెలిసిన చెయ్యి. పట్టుకున్నప్పుడే తెలిసింది.”

“పని వేరు, ఇది వేరు.”

“ఏం వేరు?”

“అది ఇనుము. తప్పు చేస్తే విప్పి మళ్ళీ బిగించొచ్చు.”

అతను ఇవతలికి వచ్చి సీసా తీసుకున్నాడు. కిటికీలో వెలుగు పలచబడుతోంది. లైటు వేశాడు. దగ్గరికి వెళ్ళాడు. కన్ను ఎర్రగా, నీళ్ళు నిండి, రెప్ప కాస్త వాచి ఉంది. ఒక మనిషి కన్ను ఇంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు. తన కన్ను అద్దంలో కూడా. నల్లగుడ్డు చుట్టూ ఎక్కడో సన్నటి గీత, కోసి అతికిన చోటేమో. అక్కడ ఒక జబ్బు ఎదురుచూస్తున్నట్టే ఉంది, ఏదో ఒక వేలు తగలాలని. కుడిచెయ్యి జాపి, వీలైనంత దూరంనుంచి, ఏమీ తాకకుండా, సీసా నొక్కాడు.

చుక్క బుగ్గ మీద పడి చెవివైపు జారింది.

“వర్షమా?” అంది ఆవిడ.

“మీరు కదిలారు.”

“నేను ఎప్పుడూ కదులుతూనే ఉంటాను బాబూ. ఈ తల చూడు, ఎవరేం అడిగినా అవునవునంటూ ఊగుతుంటుంది. కౌంటర్లో దీనితో ఎంత చావొచ్చిందో. హౌస్‌ఫుల్ అయ్యాక కూడా టికెట్ ఉందనుకుని క్యూ కదిలేది కాదు.”

నిజమే, తల సన్నగా ఊగుతోంది. మళ్ళీ నొక్కాడు. కనుబొమ్మ మీద. ఇంకోసారి. ముక్కు పక్కన. సీసా చిన్నది. నెలంతా రావాలన్నారు. కిటికీ బయట వీధిదీపం వెలిగింది. సెలవుల్లో మందుల షాపు తెరవరు. అతని కుడిచెయ్యి కూడా వణకడం మొదలుపెట్టింది. మిషన్ దగ్గర ఒక్కరోజూ వణకని చెయ్యి.

“వదిలెయ్యి,” అంది పెద్దావిడ మెల్లగా. ఆ గొంతులో వేళాకోళం లేదు. “నీ తప్పు కాదు. వెళ్ళు. ఇంట్లో వాళ్ళు ఎదురుచూస్తుంటారు.”

“ఎవరూ లేరు.”

“నీక్కూడానా?”

“ఉన్నారు. నేనే వెళ్ళను.”

“ఓహో. ఉన్నవాళ్ళని లేకుండా చేసుకున్నావన్నమాట. నేను లేనివాణ్ణి పుట్టించుకున్నాను.” నవ్వబోయి ఆగింది. “బాబూ, ఆ గోడ మీద గడియారం ఉంది. ఇవాళ పట్టీ విప్పగానే దాని ముల్లు కనిపించింది. మసగ్గానే. ఎన్నాళ్ళయిందో, అది గుండ్రంగా ఉంటుందని మరిచిపోయాను. ఒక్కసారి చూశాక మళ్ళీ పోతే... ముందు అసలు చూడకపోతేనే బాగుండేది.”

అతను గడియారం వైపు చూడలేదు. తన ఎడమచేతి వైపు చూశాడు. అది వీపు వెనకాల ఉంది. ఎప్పుడు పెట్టుకున్నాడో, అక్కడ చొక్కా అంచుని గుప్పిట్లో పట్టుకుని ఉంది, దొంగిలించినదేదో దాస్తున్నట్టు. ఎడమ అరచెయ్యి చక్రం మీద ఆనకుండా తను ఎప్పుడైనా నూనెచుక్క వేశాడా? ఒక్కసారైనా? గాల్లోంచి గురిచూసి ఏ మూర్ఖుడు వేస్తాడు?

పేపర్లు తీసి నేల మీద పెట్టాడు. ఖాళీ అయిన కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఈ చెయ్యి తీసి అక్కడ పెడితే ఇంక వెనక్కి రాదు. రేపు పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. చెయ్యి తీశాడు. ఆవిడ చెంప మీద అరచెయ్యి ఆనించాడు.

వెచ్చగా ఉంది. ముడతల కింద ఎముక తెలిసింది. ఎముక కింద ఆ ఊపు. అది ఆగుతుందని చక్రం దగ్గరలాగే కాసేపు ఎదురుచూశాడు. ఆగలేదు. ఇది ఆగేది కాదు. కాని చూస్తుండగా అతని చెయ్యి కూడా దానితోపాటు ఊగడం మొదలుపెట్టింది. కుడి మణికట్టు తెచ్చి ఆవిడ నుదుటి మీద ఆనించాడు. ఇప్పుడు తల ఎటు ఊగితే చెయ్యీ అటే ఊగుతోంది, సీసా కూడా అటే. మూతికీ కంటికీ మధ్య దూరం మాత్రం కదలడం లేదు.

“అక్కా,” అన్నాడు. మళ్ళీ అన్నాడు, “అక్కా, పైకి చూడు.”

బొటనవేలితో బుగ్గ మీది చర్మాన్ని కొంచెం కిందికి లాగి, సీసా నొక్కాడు.